ఫాన్‌జీన్‌ను ‘లిఖిత పత్రిక’ అనవచ్చునా?

సభ్యులకు నమస్కారం. ఫాన్‌జీన్‌కు, అంటే ఒక విషయం మీద అభిమానం గలవారు తామే తయారుచేసి పంచుకొనే చిన్న పత్రికకు, మన చర్చలో ‘అభిమాన పత్రిక’ అన్న తెలుగు మాట సూచించారు. చెన్నైలో ఉండే మాబోటి వారికి ఆ మాట వినగానే సినీతారల అభిమాన సంఘాలే తోస్తాయి కనుక, మన బడుల్లోనూ గ్రంథాలయాల్లోనూ చేతిరాత పత్రికలకు వాడుకలో ఉన్న ‘లిఖిత పత్రిక’ నాకు మేలనిపిస్తున్నది.

సైన్స్ ఫిక్షన్ ఫాన్‌జీన్లలో మొదటిదిగా చెప్పే ‘ది కామెట్’ 1930 మే నెలలో చికాగో నుంచి వెలువడింది. ఫాన్‌జీన్ అన్న పేరును 1940లో లూయీ రస్సెల్ షోవనే పెట్టారు. వాటిలో చాలావరకు టైపు కొట్టినవే కదా, లిఖితమెలా అవుతాయని ఒక సభ్యులు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. అయితే ‘లేఖ’, ‘లిఖిత’ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి, ఫాన్‌జీన్‌కు ప్రాణం ఉత్తరమే. డబ్బుకు బదులు తమ పత్రికనో, ఒక రచననో, కనీసం సంచికపై అభిప్రాయం తెలిపే ఉత్తరాన్నో పంపినవారికి తరువాతి సంచిక పంపడం అక్కడి ఆనవాయితీ. ఆ ఉత్తరాలు మరుసటి సంచికలో అచ్చయ్యేవి, వాటికి జవాబులు ఆపై సంచికలో వచ్చేవి. అందువల్ల ఒక్కొక్క వాదం నెలల తరబడి సాగి, రాసేవారు రెండుమూడుసార్లు ఆలోచించుకొని రాసేవారు. బ్లాగు ఎందరికైనా చేరుతుంది, అది గొప్ప సౌకర్యమే. కాని ఎవరి పేరున కవరు రాశామో వారికే చేరే పత్రికలోని ఆత్మీయత దానికి రాదు. కాగితపు పత్రికల మీద నేటికీ మోజు తగ్గకపోవడానికి ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం.

చేతిపని సంగతి కూడా చెప్పాలి. ప్రతులు తీసే సైక్లోస్టైల్ యంత్రానికి మైనపు పూత గల స్టెన్సిల్ మీద ఇనుప ములికితో తెలుగు రాయడం ఎంతో ఓర్పుతో కూడిన పని: కాస్త గట్టిగా నొక్కితే సున్న మధ్య భాగం ఊడిపోయి, కాగితం మీద నల్లని చుక్క పడుతుంది. గుండ్రని లిపి కావడం వల్ల మనకీ చిక్కు మరీ ఎక్కువ. అయినా రాసినవారి చేతిరాత తీరు ప్రతి ప్రతిలోనూ కనబడుతుంది. మన చెన్నై తిరువల్లిక్కేణిలో (ట్రిప్లికేన్) 1927లో ప్రారంభమైన ‘ది ముసల్మాన్’ ఉర్దూ దినపత్రికను కాతిబులు (అందమైన దస్తూరీతో రాసే లేఖకులు) చేత్తో రాసి అచ్చుకు ఇచ్చేవారు. అది ఫాన్‌జీన్ కాదు గాని, దాని పుట మీద చూపు నిలవడానికి కారణం ఆ చేతిరాతే.

కనుక జిరాక్సు తీసి దారంతో కుట్టిన నేటి చిన్న సంచికలను సైతం ‘లిఖిత పత్రిక’ అనడం ఉచితమే. వెబ్‌లో మాత్రమే వెలువడే వాటికి ఆ పేరు వాడడాన్ని నేను సమర్థించను.