గడ్డకట్టిన కొండ సరస్సులో ఆక్సిజన్ రీడింగ్ నిలవట్లేదు

ప్రశ్న: మంచుకి కన్నం వేసి, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ దించితే మొదటి మీటరు లోతులో అంకెలు ఎగిరిపడుతున్నాయి. బయట మైనస్ 15 డిగ్రీలు. ప్రోబ్ పోయినట్టేనా?

జవాబు 1: పోలేదండీ. తడి సెన్సర్‌కి చలిగాలి తగిలి పైన సన్నటి మంచు పొర కట్టి ఉంటుంది. గీకకండి, సెన్సర్ మీదుండే పల్చటి ప్లాస్టిక్ పొర చిరుగుతుంది. నీళ్లలోనే ఓ 10 నిమిషాలు వదిలేసి, అప్పుడు కిందికి దించండి. ఆగర్ (మంచుకి కన్నం వేసే బరమా) తిరిగినప్పుడు గాలి కూడా కలుస్తుంది కాబట్టి కన్నంలోని రీడింగ్ లెక్కలోకి తీసుకోవద్దు. లోతు కొలవాల్సింది నీటిమట్టం నుంచి, మంచు పైఅంచు నుంచి కాదు.

జవాబు 2: అడుగున ఆక్సిజన్ తగ్గితే మాత్రం నమ్మండి. పైన మంచు మూత, కింద బురద ఆక్సిజన్‌ని తినేస్తుంది. ప్రోబ్‌ని బురదకి అర మీటరు పైనే ఆపండి.

జవాబు 3: ముందు మంచు మందం చూసుకోండి! నడవడానికి గాజులాంటి మంచు కనీసం 10 సెంటీమీటర్లు, తెల్లమంచైతే రెట్టింపు. వాగు కలిసే చోటికి పోవద్దు.