మిద్దె మీద గాజు గది: ఏసీ లేకుండా ఎండాకాలం గట్టెక్కేదెలా?

వైట్‌ఫీల్డ్_వాసి:
అమ్మకి పొద్దుటి ఎండ తగలాలని బెంగళూరులో మా మిద్దె మీద గాజు గది కట్టించాం. పైకప్పు కూడా గాజే, పడమటి వైపంతా స్లైడింగ్ అద్దాలు. ఉదయం హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే నిలబడలేం, కుర్చీ చేతులు ముట్టుకుంటే చురుక్కుమంటాయి. లోపల మందపాటి కర్టెన్లున్నా తేడా లేదు. ఏం చేయొచ్చండీ?

జయనగర్_మిద్దెతోట:
కర్టెన్ దాకా వచ్చిందంటే ఎండ అద్దం దాటేసినట్టే కదండీ. ఆ కర్టెన్ వేడెక్కి గదిలోకే వేడి వదులుతుంది. లోపలి వస్తువులు వెదజల్లే వేడిని గాజు నేరుగా బయటికి పోనివ్వదు. అందుకే అడ్డు ఏదైనా అద్దానికి బయటే ఉండాలి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి పడమట సన్‌షేడ్ చాలదు. మేం బయట బాంబూ బ్లైండ్స్ వేలాడదీసి, గాలికి కొట్టుకోకుండా కింద కొక్కేలకు కట్టాం.

అంతకన్నా ముందు పైకప్పు చూడండి. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో బెంగళూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడే పడదు. ఆ ఎండంతా మీ గాజు కప్పు మీదే. ఎండని 75 శాతం ఆపే షేడ్ నెట్ (నీడ వల) కట్టండి. గాజుకు ఆనించకుండా జానెడు ఎత్తులో ఉంటే మధ్యలో గాలి ఆడుతుంది.

హెబ్బాళ్_రవ్వ:
అద్దానికి అంటించే సన్ ఫిల్మ్ వేద్దామనుకుంటుంటే ముందు అద్దం టఫెండ్ (వేడిచేసి గట్టిపరిచినది) అవునో కాదో చూసుకోండి. మామూలు అద్దానికి ముదురు ఫిల్మ్ వేస్తే మధ్యలో బాగా కాగి, ఫ్రేములో ఉన్న అంచు చల్లగా ఉండి పగిలే ప్రమాదం ఉంది. తలపైన గాజు, అశ్రద్ధ వద్దు.

వేళచ్చేరి_అక్క:
వేడి గాలి పైకే పోతుంది, దానికి దారి ఇవ్వండి. స్లైడింగ్ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. కప్పు కిందుగా ఒక వెంటిలేటర్, ఎదురు గోడకు కింద ఒక కిటికీ ఉండాలి. వట్టివేళ్ల తడికలు మా చెన్నై ఉక్కలో పెద్దగా పనిచేయవు. మీకు మార్చి, ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది, తడిపి కట్టి చూడండి.

వైట్‌ఫీల్డ్_వాసి:
చాలా థాంక్సండీ. నెట్ రింగులతో జరిపేలా వేయిస్తాను, డిసెంబర్‌లో అమ్మకి ఎండ కావాలి. వెంటిలేటర్‌లోంచి జల్లు కొట్టదా అక్కా?

వేళచ్చేరి_అక్క:
బయటికి వాలిన అల్యూమినియం లూవర్లు (ఏటవాలు పట్టీలు) పెట్టించు తమ్ముడూ. లోపలి వైపు దోమల జాలి బిగించమను.