పాత టీవీలో హెచ్‌డీ వీడియో: మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావట్లేదు
అందరికీ నమస్కారం. మా పాత ఎల్‌సీడీ టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే కొన్ని ఎంకేవీ వీడియో ఫైళ్లు చక్కగా ఆడుతున్నాయి. కొన్నింటికి మాటలు వినిపిస్తాయి గానీ తెర నల్లగానే ఉంటుంది. కంప్యూటర్‌లో చూస్తే ఆడేవి హెచ్.264, ఆడనివన్నీ 10 బిట్ (రంగుల ఛాయలు ఎక్కువుండే రకం) హెచ్.265. ఇవి వీడియోను కుదించే పద్ధతులు, అంటే కోడెక్‌లు. హెచ్.265 వచ్చిందే 2013లో, టీవీ అంతకంటే పాతది.

హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264కి మారిస్తే ఆడుతోంది, కానీ ఒక్కో సినిమాకి గంటలు పడుతోంది. పైగా సైజు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. అమ్మకి ఈ టీవీ అంటేనే ఇష్టం, మార్చాలని లేదు.

హెచ్‌డీఎంఐకి చిన్న మీడియా ప్లేయర్ తగిలిస్తే సరిపోతుందా? కొనేముందు 10 బిట్ హెచ్.265 ఆడుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి? తెర 1366×768 కాబట్టి మార్చేటప్పుడు 720పీ సరిపోతుందా, 1080పీలోనే ఉంచితే తేడా కనిపిస్తుందా? ఇలాంటి టీవీ వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి.