పాత ఎంజీబీకి వెనక డిస్క్ బ్రేకులు వేస్తే హ్యాండ్‌బ్రేక్ సంగతేంటి?

రెండుసీట్ల_బండి:
అందరికీ నమస్తే. నాది 1966 ఎంజీబీ రోడ్‌స్టర్ (బ్రిటిష్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు), ముందు డిస్కులు, వెనక 10 అంగుళాల డ్రమ్ములు, సర్వో (పెడల్ మీద కాలి బలాన్ని పెంచే పరికరం) లేదు. ఇంజన్ కొంచెం ట్యూన్ చేయించా, ముందు నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కి పట్టేవి) పడ్డాయి, ఇక వెనక కూడా డిస్కులు వేసేద్దాం అనుకుంటున్నా. కానీ కొన్ని కిట్లలో హ్యాండ్‌బ్రేక్ ఊసే లేదు, అడిగితే ఒకాయన గేర్‌లో పెట్టి ఆపెయ్ దేనికి అదంతా అన్నాడు. నాకు హ్యాండ్‌బ్రేక్ ఉండాల్సిందే. ఇప్పుడున్నది ఏటవాలులో మొత్తం పైకి లాగితే గానీ ఆగట్లేదు, పెడల్ కూడా బాగా కిందకి పోతోంది, అదీ బాధ. కేబుల్‌తో పనిచేసే కాలిపర్ మంచిదా, హ్యాండ్‌బ్రేక్‌కి విడిగా చిన్న కాలిపరా, లేక ర్యాలీ బండ్లలో పెట్టే హైడ్రాలిక్ లివర్ సరిపోతుందా?

డ్రమ్ముల_బాబాయ్:
పెడల్ కిందకి పోవడం, హ్యాండ్‌బ్రేక్ పట్టకపోవడం రెండూ కలిసి వచ్చాయంటే నా అనుమానం ముందు షూల (డ్రమ్ము లోపల ఒరుసుకుని బండిని ఆపేవి) అడ్జస్ట్‌మెంట్ మీదే బాబూ. ఎంజీబీ వెనక డ్రమ్ములకి వాటంతట అవి సర్దుకునే ఏర్పాటు లేదు, బ్యాక్‌ప్లేట్ వెనక చదరపు తలకాయ ఉన్న అడ్జస్టర్ ఉంటుంది, చక్రం పైకి లేపి అది పట్టేసేదాకా తిప్పి, పెడల్ ఒకసారి గట్టిగా నొక్కి, మళ్ళీ చూసి, చక్రం ఫ్రీగా తిరిగేదాకా ఒకటి రెండు క్లిక్కులు వెనక్కి తిప్పాలి. చాలామంది ఈ పని చెయ్యకుండా హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగిస్తూ పోతారు, అదెక్కడికి పోతుంది. డ్రమ్ము ఎలాగూ విప్పుతావు కదా, యాక్సిల్ సీల్ నుంచి ఆయిల్ కారి షూలు తడిశాయేమో చూడు, ఈ బండ్లకి అది మామూలే. వీల్ సిలిండర్ మార్చాల్సి వస్తే మాత్రం దాని వెనక సర్‌క్లిప్ ఎక్కించేటప్పుడు ఓపిక దగ్గర పెట్టుకో, మంచి మనిషి నోట కూడా బూతులు వస్తాయి.

ఇంకో సంగతి. 3.9 లీటర్ల వీ8తో 190 హార్స్‌పవర్ ఇచ్చే ఎంజీ ఆర్‌వీ8ని 1990ల్లో కంపెనీయే తయారు చేసింది, దానికి కూడా వెనక డ్రమ్ములే ఉంచారు. బ్రేక్ వేస్తే బరువు ముందుకి పోతుంది. లెక్క వేసి చూడు, మీ వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 91 అంగుళాలు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ 20 అంగుళాల ఎత్తులో ఉందనుకో, 0.8 జీతో (భూమి ఆకర్షణకి 0.8 వంతు వేగం తగ్గేంత గట్టిగా) బ్రేక్ పడితే బండి బరువులో దాదాపు 18 శాతం వెనక నుంచి ముందుకి మారుతుంది. నిలబడి ఉన్నప్పుడు సగం సగం ఉన్న బండి వెనక చక్రాల మీద అప్పుడు మిగిలేది 32 శాతమే, దాని మీద ఎంత పెద్ద డిస్క్ పెట్టి ఏం లాభం?

కాలిపర్_పిచ్చి:
బాబాయ్ గారు చెప్పింది కరెక్టే కానీ డిస్కుల్ని అంత తీసిపారేయక్కర్లేదు. వాన నీళ్ళలో దిగి వచ్చినా తొందరగా ఆరతాయి, ప్యాడ్లు మార్చడం సులువు, ఘాట్ రోడ్డులో గంట దిగినా పెడల్ ఒకేలా ఉంటుంది. వేద్దామంటే ముందు హ్యాండ్‌బ్రేక్ ఏదో తేల్చుకుని దానికి సరిపడే కాలిపర్ ఎంచుకో బ్రో, కాలిపర్ కొనేశాక హ్యాండ్‌బ్రేక్ ఆలోచిస్తే తల పట్టుకోవాలి.

ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ వెనక కాలిపర్ రకం చాలామంది వాడతారు. అందులో కేబుల్ లివర్‌ని లాగితే లోపల స్క్రూ లాంటిది పిస్టన్‌ని బయటికి నెడుతుంది, ప్యాడ్ అరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. ఇక్కడే తిరకాసు ఉంది, హ్యాండ్‌బ్రేక్ దించినప్పుడు కాలిపర్ మీద లివర్ వెనక స్టాప్‌కి పూర్తిగా ఆనాలి. పట్టు చాల్లేదని కేబుల్ టైట్ చేసి లివర్‌ని కొంచెం లాగే ఉంచావనుకో, లోపలి అడ్జస్టర్ పనిచెయ్యదు, ప్యాడ్ అరుగుతుంది, పెడల్ లోపలికి పోతుంది, హ్యాండ్‌బ్రేక్ లూజవుతుంది, నువ్వు మళ్ళీ కేబుల్ బిగిస్తావు, ఇది ఇలా తిరుగుతూనే ఉంటుంది. అందుకే కేబుల్ వదులుగా ఉంచి ముందు కాలి బ్రేక్ చాలాసార్లు నొక్కి ప్యాడ్లు సర్దుకున్నాక అప్పుడు కేబుల్ సెట్ చెయ్యి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ని సీ క్లాంప్‌తో నొక్కకు, తిప్పుతూ లోపలికి పంపాలి. ఎడమది కుడికి కుడిది ఎడమకి పెడితే బ్లీడ్ నిప్పల్ (ఫ్లూయిడ్‌లోంచి గాలి తీసేది) కిందికి వస్తుంది, గాలి చచ్చినా బయటికి రాదు.

విడి కాలిపర్ అంటే జాగ్వార్ ఈ-టైప్‌లో అదే పద్ధతి, వెనక డిస్కుల మీద హ్యాండ్‌బ్రేక్‌కి వేరే చిన్న కాలిపర్. చిన్న ప్యాడ్లు కాబట్టి కేబుల్ సెట్టింగ్ పక్కాగా ఉంటేనే పట్టు. పోర్షా 911లో లాగా డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము ఉండే రకం పార్కింగ్‌కి అన్నిటికంటే బాగా పడుతుంది కానీ నీ హబ్‌లో అంత చోటు దొరకడం కష్టం.

ఒకే_లైను:
హైడ్రాలిక్ లివర్ జోలికి పార్కింగ్ కోసం మాత్రం పోకండి. అది ఫ్లూయిడ్ ప్రెజర్‌ని పట్టి ఉంచుతుంది అంతే, సీల్ కొంచెం వదిలినా, ఫ్లూయిడ్ చల్లబడి కుంచించుకున్నా ప్రెజర్ పడిపోయి బండి కదులుతుంది. బ్రేకులకి సంబంధించిన యూఎన్ రెగ్యులేషన్ 13-హెచ్‌లో కూడా పార్కింగ్ బ్రేక్‌ని పట్టి ఉంచేది పూర్తిగా మెకానికల్‌గానే ఉండాలని ఉంది. పైగా మీది 1966 అంటే సింగిల్ సర్క్యూట్, అన్ని చక్రాలకీ ఫ్లూయిడ్ ఒకటే, ఎక్కడ పైపు పగిలినా కాలి బ్రేక్ నాలుగు చక్రాలకీ పోతుంది, అప్పుడు మిగిలేది ఆ కేబుల్ ఒక్కటే. హైడ్రాలిక్ లివర్ పెట్టి కేబుల్ తీసేస్తే ఆ ఒక్క ఆధారం కూడా అదే ఫ్లూయిడ్ మీద పడుతుంది. నా మాట వింటే డిస్కుల కంటే ముందు డ్యుయల్ మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే రెండు విడి లైన్లకి ప్రెజర్ పంపేది) మారండి.

డిస్కులే వేస్తే వెనక లైన్‌లో అడ్జస్ట్ చేసుకునే ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకులకి వెళ్ళే ప్రెజర్‌ని తగ్గించేది) పెట్టండి. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి గిరగిరా తిరుగుతుంది, ముందువి లాక్ అయితే తిన్నగా పోతుంది, రెండింటిలో ఏది నయమో చెప్పక్కర్లేదు. వెనక ప్రెజర్ తక్కువ ఉండేలా సెట్ చేసి మొదలుపెట్టి ఖాళీ చోట మెల్లగా పెంచుకోండి, తడి నేల మీద కూడా చూడండి.

రెండుసీట్ల_బండి:
చాలా థాంక్స్ అందరికీ. బాబాయ్ గారూ డ్రమ్ములు విప్పి చూశా, ఎడమ వైపు షూలు ఆయిల్‌తో నల్లగా ఉన్నాయి. సీల్, షూలు రెండు వైపులా మార్చి అడ్జస్ట్ చేసి చూస్తా, డ్యుయల్ మాస్టర్ సిలిండర్ కూడా వెతుకుతున్నా. అది చేశాక కూడా డిస్కుల మీద మోజు తీరకపోతే నా పాత హ్యాండ్‌బ్రేక్ లివర్‌తో గోల్ఫ్ కాలిపర్ లాగగలనా బ్రో?

కాలిపర్_పిచ్చి:
అది కొలిచి చూసుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ దించి, తర్వాత మొత్తం లాగి, చక్రం దగ్గర కేబుల్ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో చూడు, కాలిపర్ లివర్ పూర్తిగా పట్టడానికి ఎంత కదలాలో అదీ చూడు. కేబుల్ కదలిక తక్కువైతే మధ్యలో లివరేజ్ మార్చాలి, అప్పుడు చెయ్యి ఎక్కువ బలం పెట్టాలి. బ్రేక్ పట్టే టైమ్‌కి కేబుల్‌కీ లివర్‌కీ మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉండేలా బ్రాకెట్ పెట్టుకో. కాలిపర్ యాక్సిల్‌కి ముందు పెడతావో వెనక పెడతావో దాన్ని బట్టి కేబుల్ వచ్చే దిక్కు మారుతుంది, సస్పెన్షన్ పూర్తిగా కిందకి వేలాడినప్పుడు కేబుల్ లాగకుండా ఉందా అనేది కూడా చూడు. వైర్ వీల్స్ అయితే స్పోక్స్‌కి కాలిపర్ తగులుతుందేమో కొనకముందే కనుక్కో.

ఆఁ ఇంకోటి, ఘాట్ దిగి డిస్కులు వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి దిగి వెళ్ళిపోకు, చల్లారాక డిస్క్ కొంచెం కుంచించుకుని పట్టు వదులుతుంది. ఒక క్లిక్ ఎక్కువ లాగు, గేర్‌లో కూడా పెట్టు.

డ్రమ్ముల_బాబాయ్:
డ్రమ్ముల్లో ఆ గొడవ తక్కువ, బండి ముందుకి దొర్లబోయినా వెనక్కి దొర్లబోయినా ఏదో ఒక షూ తనంతట తనే బిగుసుకుంటుంది. ఆ ఎడమ సీల్ పని అయ్యాక డిఫరెన్షియల్ ఆయిల్ లెవెల్ చూడు బాబూ, కారింది ఎక్కడి నుంచి అనుకున్నావు. బ్రీదర్ (యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయి ఉంటే కొత్త సీల్ కూడా కారుతుంది, అదీ శుభ్రం చెయ్యి.