వీధి పేరు మారితే దస్తావేజులు మార్చుకోవాలా?

గవర్నర్‌పేట: మా వార్డులో ఓ వీధికి కొత్త పేరు పెట్టాలని కార్పొరేషన్‌కి అర్జీ వెళ్లింది. బోర్డు మారిస్తే చాలా, ఇళ్ల కాగితాలు కూడా మార్చుకోవాలా? ఊరి పేరుకీ, జిల్లా పేరుకీ ఇదే పద్ధతా?

రికార్డురూమ్: మూడూ వేర్వేరు దారులు. వీధి పేరుకు కౌన్సిల్ తీర్మానం కావాలి. అది లేకుండా సంఘంవాళ్లు పాతిన బోర్డు ఏ రికార్డులోకీ ఎక్కదు.

ఊరి పేరైతే రాష్ట్రం ప్రతిపాదన పంపాలి, కేంద్ర హోంశాఖ ఒప్పుకోవాలి. అంతకుముందు రైల్వే, తపాలా, సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు అభ్యంతరం లేదని చెప్పాలి. చరిత్రతో ముడిపడ్డ పేర్లను వీలైనంతవరకు కదపొద్దని 1953 నాటి మార్గదర్శకాల్లోనే ఉంది.

జిల్లా పేరు రాష్ట్రం చేతిలోనిది. 1974 నాటి జిల్లాల చట్టం కింద ముందు ముసాయిదా ఇస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు గడువు పెడతారు, ఆ తర్వాతే తుది ఉత్తర్వు. కోనసీమకు అంబేడ్కర్ పేరు చేరుస్తూ 2022 మే 18న ముసాయిదా వచ్చింది. 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అప్పటికి గడువు ఇంకా మూడు వారాలకు పైగా ఉంది. అభ్యంతరం రాసిచ్చే వీలుండగా ఇళ్లకు నిప్పు పెట్టడం క్షమించరానిది. పేరు మాత్రం నిలిచింది.

షెడ్యూల్ఆస్తి: రిజిస్టరైన దస్తావేజును తిరగరాయక్కర్లేదు. ఆస్తిని గుర్తించేది సర్వే నంబరు, ఇంటి నంబరు, నాలుగు హద్దులు. వీధి పేరు తోడు మాత్రమే. తర్వాత అమ్మేటప్పుడు షెడ్యూల్లో (దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే భాగం) "పూర్వం ఫలానా వీధి, ప్రస్తుతం ఫలానా వీధి" అని రెండూ రాయించండి. హద్దుల్లో "తూర్పు: ఫలానా వీధి" అని ఉంటే అక్కడా అంతే. చాలామంది ఇది వదిలేస్తారు. పాత దస్తావేజులో హద్దు ఒకటి, కొత్తదాంట్లో ఇంకొకటి కనబడేసరికి బ్యాంకు వకీలు లోను ఆపేస్తాడు.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీసేటప్పుడు అసలు చిక్కు ఇంటి నంబర్లతో వస్తుంది. పేరుతో పాటు నంబర్లు కూడా మార్చి ఉంటే పాత నంబరుతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి వెతకాలి. ఒక్కదానితోనే వెతికితే పాత తనఖా కనబడకపోవచ్చు.

బందరురోడ్డు: ఏ పేరు నిలుస్తుందో కూడా చూసుకోండి. విజయవాడలో మహాత్మాగాంధీ రోడ్డు, కార్ల్ మార్క్స్ రోడ్డు రెండూ ఉన్నాయి, కానీ ఆటో ఎక్కినవాళ్లు బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు అనే అంటారు. ఎటు పోతుందో చెప్పే పేరును పెద్దమనిషి పేరు జరపలేకపోయింది. బెజవాడ అన్న పేరు పోయినా స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ. సికింద్రాబాద్‌లో జేమ్స్ స్ట్రీట్ ఎంజీ రోడ్డయింది, పక్కనున్న ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ మాత్రం జేమ్స్ స్ట్రీట్‌గానే ఉంది. ఒక్కో రికార్డుకు ఒక్కో యజమాని ఉంటాడు కాబట్టి ఒకరు మార్చినంత మాత్రాన మిగతావి వాటంతట అవి మారవు.

గవర్నర్‌పేట: అయితే తీర్మానం అయ్యాక ఎవరెవరికి పంపాలి?

రికార్డురూమ్: తీర్మానం నకలు తీసుకుని తపాలా ఆఫీసుకు, కరెంటు, నీటి కనెక్షన్ల విభాగాలకు ఇవ్వండి. ఆస్తిపన్ను రిజిస్టరులో మారిందో లేదో మీరే చూడండి. బోర్డు మీద కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో పాత పేరు కూడా రాయించమని అర్జీలోనే అడగండి.