చెరిగిపోయిన పార్టిషన్‌ను టెస్ట్‌డిస్క్‌తో తిరిగి రాయవచ్చా?

అనుభవజ్ఞులకు నమస్కారం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికే పెద్దవాళ్ల ఫొటోలను, వాళ్ల మాటల రికార్డింగులను నాలుగేళ్లుగా 1 టీబీ బయటి హార్డ్‌డిస్కులో దాచుకుంటున్నాను. మొన్న మా మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తూ పొరపాటున ఈ డిస్కును ఎంచుకోవడంతో కొత్త పార్టిషన్ టేబుల్ (డిస్కులోని ఏ భాగం, అంటే ఏ పార్టిషన్, ఎక్కడ ఉందో చెప్పే పట్టిక) పడింది. ఫైళ్లు కాపీ కాకముందే ఆపేశాం. వాణ్ణి ఏమనగలను, డిస్కు తీయకుండా వదిలింది నేనే.

పోయిన పార్టిషన్లను వెతికిపెట్టే, ఉచితంగా దొరికే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రాంతో వెతికితే మొదటి ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) పార్టిషన్ వెంటనే కనిపించింది, పీ నొక్కితే ఫోల్డర్ల పేర్లూ వచ్చాయి. అసలైన రికార్డింగులున్న రెండోది మాత్రం డీపర్ సెర్చ్‌లో (అందులోని మరింత లోతైన వెతుకులాటలో) రెండు వేర్వేరు పరిమాణాలతో కనిపిస్తోంది. ఇంతవరకు రైట్ (దొరికిన టేబుల్‌ను డిస్కులో రాసే ఆదేశం) నొక్కలేదు, డిస్కులో ఏమీ రాయలేదు.

ఆ రెండింటిలో సరైనదాన్ని ఎలా గుర్తించాలి? టేబుల్ రాయకుండా, ఫైళ్లను టెస్ట్‌డిస్క్ నుంచే వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం మేలా? ఫొటోరెక్ అనే మరో ప్రోగ్రాం ఫైళ్ల ఆనవాళ్లను బట్టి వెలికితీస్తుంది కాబట్టి పేర్లు, ఫోల్డర్లు పోతాయి. ఎవరి గొంతు ఏదో పేర్లలోనే ఉన్నందున దాన్ని చివరికి ఉంచాను. ముందుగా డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తానికి నకలు తీయాలంటే మరో డిస్కు కొనాలి. డిస్కు చప్పుడు చేయకుండా బాగానే తిరుగుతున్నప్పుడు కూడా అది తప్పనిసరా? దయచేసి చెప్పగలరు.