గోదావరి ఆర్చి వంతెన నమూనాకు కమానులు, నీరు ఎలా చేయాలి?

1:87 కొలతలో (అంటే అసలులో 87వ వంతుగా) నేను కడుతున్న రైల్వే నమూనాలో, రాజమహేంద్రవరం–కొవ్వూరు మధ్య 1997లో పూర్తయిన గోదావరి ఆర్చి వంతెనను చూపించాలనుకుంటున్నాను. అసలు వంతెనలో ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్లుండే 28 కమానులున్నాయి. నా కొలతలో ఒక్క కమానే 112 సెంటీమీటర్లు వస్తుంది కనుక రెండింటితో సరిపెట్టుకుంటున్నాను.

సన్‌బోర్డుతో (తేలికైన నురుగు పలకతో) కోసిన కమాను నెల తిరగకుండానే పక్కకు వంగిపోయింది. పట్టాలుండే తలాన్ని కమానుకు వేలాడదీసే తీగల బిగువును తట్టుకుంటూ, కాంక్రీటులా కనిపించాలంటే ఎండీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన) పలకలను పొరలుగా అతికించడం మేలా, త్రీడీ ప్రింటింగ్ మేలా? వరదనాటి ఎర్రనీటి కోసం ఎపాక్సీ రెసిన్‌లో (పోశాక గాజులా గట్టిపడే ద్రవంలో) ఏ రంగు, ఎంత మందాన, ఎన్ని పొరలుగా పోయాలో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.